కారుకు దారి చూపే పరికరం కొనబోతున్నారా?



గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. ఆమె భర్త పన్నెండేళ్లు గల్ఫ్‌లో పనిచేసి ఇటీవలే స్వగ్రామానికి తిరిగి వచ్చారు. వస్తూ వస్తూ అక్కడ కారులో వాడిన జిపిఎస్ పరికరాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. ఇక్కడ పాత కారు ఒకటి కొని, దానిలో ఆ పరికరాన్ని బిగించి చూస్తే తెర మీద కారు గుర్తు కనిపిస్తున్నది గాని, దాని చుట్టూ ఒక్క రోడ్డు కూడా లేదట. "మా వారు కొత్తది కొంటానంటున్నారు. చేతిలో ఫోన్ ఉండగా మళ్లీ దానికి డబ్బు పోయడం ఎందుకని నేనంటున్నాను. మీరేమంటారు?" అన్నది ఆమె ప్రశ్న.

ఈ వాదన మా ఇంట్లోనూ జరిగింది. అందుచేత జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది. విసుగు చెందకుండా చదవండి.

నిరుటి వేసవిలో మార్కాపురంలో మా మేనమామ కూతురి నికాహ్. ఆడవాళ్లలో చాలామంది, సామాన్లన్నీ పెద్ద బండిలో ఉదయమే వెళ్లిపోయాయి. అబ్బా, అమ్మీ, తమ్ముడు, నేను మా చిన్న కారులో, తమ్ముడి ఆఫీసు ముగిశాక బయలుదేరాము. హైదరాబాదులో చాంద్రాయణగుట్ట దగ్గర శ్రీశైలం రోడ్డు పట్టుకుని మన్ననూరు, దోమలపెంట, శ్రీశైలం డ్యాం, దోర్నాల మీదుగా వెళ్లాలన్నది నిర్ణయం. తమ్ముడు ఫోన్‌లో గమ్యం పెట్టాడు. అర్ధరాత్రి దాటిన కాసేపటికి చేరుకుంటామని ఫోన్ చెప్పింది.

మా అబ్బా ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. వెనుక సీట్లో కూర్చున్న ఆయన ఒక్క మాట అన్నారు. "బేటా, మన్ననూరు గేటు తొమ్మిదింటికి వేసేస్తారు." తమ్ముడు, "గేటు మూసేదుంటే ఫోన్ ఈ దారి చూపించేదే కాదు అబ్బా" అన్నాడు. అబ్బా మళ్లీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అది నా తప్పు.

మన్ననూరు చేరేసరికి తొమ్మిదీ ఇరవై అయింది. గేటు మూసి ఉంది. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు ఆ అడవి గుండా మామూలు వాహనాలను పోనివ్వరు. రోడ్డు మీదికి వచ్చే జంతువుల కోసం, మన కోసం కూడా పెట్టిన నియమమది. అటవీశాఖ వారిని బతిమాలి ప్రయోజనం లేదు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. అమ్మీ రాత్రి భోజనానికి ముందు తీసుకోవలసిన ఇన్సులిన్ ఉదయం వెళ్లిన పెట్టెలో ఉండిపోయింది.

వెనక్కి తిరిగి అచ్చంపేట చేరుకున్నాము. షట్టరు సగం దించిన ఒక మందుల దుకాణాదారు చీటీ కూడా అడగకుండా అమ్మీ చెప్పిన పేరు విని, ఫ్రిజ్ తెరిచి ఇచ్చాడు. ఆ రాత్రి అక్కడే లాడ్జిలో గడిపాము. ఉదయం గేటు తెరిచిన వెంటనే అడవిలోకి వెళ్తే, కొంతదూరానికే ఫోన్‌కు సిగ్నల్ పోయింది. ఎండకు వేడెక్కి ఫోన్ ఒకసారి ఆగి మళ్లీ మొదలైంది. ఆ తరువాత తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగిలింది. చుట్టూ ఖాళీ. డ్యాం దాటాక దోర్నాల వైపు చీలే చోట తమ్ముడు కారు ఆపి వెనక్కి చూశాడు. అబ్బా చేయి చూపిన వైపు తిప్పాడు. నికాహ్ వేళకు అందుకున్నాము, అల్‌హందులిల్లాహ్.

ఆ నీలం చుక్క, మన సోదరి ఇంట్లోని పరికరం చూపిస్తున్న కారు గుర్తు ఒకటే కథ చెబుతున్నాయి. కొనే ముందు అందరూ అర్థం చేసుకోవలసింది అదే గనుక దాన్ని కొంచెం వివరిస్తాను.

జిపిఎస్ అమెరికా రక్షణశాఖ ఏర్పాటు చేసిన ఉపగ్రహాల వ్యవస్థ. అవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ నిరంతరం సమయాన్నీ, తమ స్థానాన్నీ ప్రసారం చేస్తుంటాయి. మన పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, ఒక్కొక్కటి తనను చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి తానెక్కడున్నదో లెక్క కడుతుంది. పరికరం వైపు నుంచి పైకి వెళ్లేదేమీ లేదు. రేడియో విన్నట్టే ఇది వినడం మాత్రమే. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, సెల్ టవర్ అక్కర్లేదు, నెలసరి రుసుము లేదు. 1983లో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియా విమానం కూల్చివేతకు గురై 269 మంది మరణించిన తరువాత, ఈ వ్యవస్థను సామాన్యులకు కూడా అందుబాటులోకి తెస్తామని అమెరికా ప్రకటించింది. పౌరులకు అందే సంకేతంలో కావాలని కలిపిన తప్పును 2000 మే నెలలో తొలగించిన తరువాతనే కార్లలో ఇది నిజంగా పనికివచ్చింది.

కనుక నల్లమల నడుమ కూడా మీరెక్కడున్నారో పరికరానికి తెలుస్తుంది. తెలియనిది ఆ చోట ఏ రోడ్డు ఉన్నదన్నది. దానికి మ్యాపు కావాలి. మా ఫోన్ మ్యాపును ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెప్పించుకుంటుంది. టవర్ లేకపోతే మ్యాపు లేదు. విడిగా అమ్మే పరికరంలో మ్యాపు లోపలే నిండి ఉంటుంది. సోదరి భర్త తెచ్చిన దానిలో ఉన్నది గల్ఫ్ దేశాల మ్యాపు. అది గుంటూరులో తన స్థానాన్ని సరిగ్గానే గుర్తిస్తున్నది. అయితే గుంటూరు రోడ్లు దాని కడుపులో లేవు.

అయితే ఫోన్ చాలదా? చాలామందికి చాలుతుంది. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. వెళ్లబోయే ప్రాంతపు మ్యాపును ఇంట్లో వైఫై ఉండగానే ఫోన్‌లో భద్రపరచుకునే సదుపాయం గూగుల్ మ్యాప్స్ వంటి వాటిలో ఉంది. ఆ పని మా తమ్ముడు చేసి ఉంటే నీలం చుక్క ఒంటరిగా మిగిలేది కాదు. భద్రపరచిన మ్యాపులకు గడువు ఉంటుంది, వాటిని అప్పుడప్పుడు తాజా పరచుకోవాలి. సిగ్నల్ లేనిచోట ట్రాఫిక్ సమాచారం మాత్రం అందదు. ఊళ్లో తిరుగుళ్లకు, ఏడాదికి రెండు మూడు ప్రయాణాలకు ఇంతకు మించి అవసరం లేదు.

విడి పరికరం ఎవరికి కావాలంటే, మా అబ్బా వంటి వారికి. ఆయన దారులన్నీ ఎరిగినవారే గాని, ఆయన బస్సు నడిపిన నాటి ఊళ్లకు ఇప్పుడు బైపాసులు వచ్చాయి. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. దాని మీద దిగవలసిన చోట దిగకపోతే తరువాతి దిగుడు దాకా పోవలసిందే. కంటికి శుక్లాల శస్త్రచికిత్స జరిగింది. ఫోన్ తెర మీది సన్న అక్షరాలు ఆయనకు ఆనవు. పైగా దారి చూస్తున్నప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, తెర మారిపోతుంది, ఆయన కంగారు పడతారు. దారి చూపడం తప్ప మరో పని లేని వస్తువు ఆయనకు నప్పింది. అద్దెకు బండి నడిపేవారు, సరుకుల వాహనాల వారు, సిగ్నల్ అందని దారుల్లో తరచుగా తిరిగేవారు కూడా దీన్ని గురించి ఆలోచించవచ్చు.

ఇక ఎంపిక సంగతి. దుకాణంలో మొట్టమొదట తెరను, ధరను చూడకండి. మీ అత్తగారి ఊరి పేరు టైపు చేసి చూడండి. నవ్వులాటకు చెప్పడం లేదు. మన పల్లెల పేర్లను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. చివర ఒక అక్షరం ఉన్నా లేకున్నా కొన్ని పరికరాలు ఊరినే గుర్తించవు. ఇంటి నంబర్లు వరుసలో ఉండని మన పట్టణాల్లో విలాసం అంటే "ఫలానా మసీదు వెనుక సందు" అనే కదా. మసీదులు, బడులు, ఆసుపత్రులు, పెట్రోలు బంకుల పేర్లతో వెతికితే దొరుకుతున్నాయో లేదో చూడండి. అక్షాంశ రేఖాంశాల అంకెలతో చోటు చెప్పుకునే వీలున్నదా అని కూడా అడగండి. ఊరి బయట పొలంలో పెళ్లి షామియానా వేసినప్పుడు అంతకు మించిన విలాసం లేదు. భారతదేశపు మ్యాపుల మీదనే 1995 నుంచి పనిచేస్తున్న మ్యాప్‌మైఇండియా ఉంది. గార్మిన్, టామ్‌టామ్ విదేశాల్లో పేరున్న సంస్థలు. పేరు ఏదైనా ఈ పరీక్ష మాత్రం మీరే చేయండి. అట్ట మీద రాసినదాన్ని నమ్మవద్దు.

పెట్టె మీద "జీవితకాలం ఉచిత మ్యాపులు" అని ఉంటే, ఎవరి జీవితకాలమని అడగండి. అది మీ జీవితకాలం కాదు. ఆ నమూనాకు సంస్థ మ్యాపులు అందించినంత కాలం మాత్రమే. అప్‌డేట్ చేయడానికి కంప్యూటరు కావాలా, వైఫై చాలునా అన్నది కూడా ముఖ్యం. కంప్యూటరు లేని ఇంట్లో మొదటి రకం పరికరం కొన్న నాటి మ్యాపుతోనే ముసలిదవుతుంది.

వాడిన పరికరం చవకగా వస్తున్నదని తీసుకునేవారికి మరో జాగ్రత్త. జిపిఎస్ వ్యవస్థ వారాలను 0 నుంచి 1023 దాకా లెక్కించి మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న రెండోసారి అలా జరిగింది. ఆ మార్పుకు సిద్ధం చేయని పాత పరికరాలు కొన్ని తప్పు తేదీ చూపించాయి, కొన్ని సరిగా పనిచేయడమే మానేశాయి. డబ్బు ఇచ్చే ముందు బయట ఆకాశం కనిపించే చోట నిలబడి, అది చూపే తేదీ నేటిదేనా అని సరిచూడండి. చాలాకాలం ఆపి ఉంచిన పరికరం ఉపగ్రహాలను వెతుక్కోవడానికి పది పదిహేను నిమిషాలు తీసుకోవచ్చు. అది లోపం కాదు.

తెర అయిదు అంగుళాలైతే చిన్న కారుకు సరిపోతుంది. కళ్లజోడు పెట్టుకునే పెద్దలకు ఆరేడు అంగుళాలు మేలు. అంతకన్నా ముఖ్యం, మిట్టమధ్యాహ్నం ఎండలో అది కనిపిస్తుందా అన్నది. దుకాణం నీడలో అన్ని తెరలూ మెరుస్తాయి. గొంతు సంగతి కూడా అంతే. అద్దాలు దించి, వెనుక పిల్లలు అరుస్తుండగా వినబడాలి. తెలుగులో గాని, ఉర్దూ వచ్చిన వారికి హిందీలో గాని చెప్పగలదా అని అడగండి. ఇంగ్లీషు యాసలో మన ఊళ్ల పేర్లు వింటే దారి కన్నా నవ్వు ముందొస్తుంది.

బ్యాటరీని నమ్ముకోవద్దు. ఇటువంటి పరికరాలలో అది ఒక గంట మాట మాత్రమే. ఒక కారు నుంచి మరో కారుకు మార్చుకోవచ్చన్నదే దీనిలోని సౌకర్యం. నడిచేది కారులోని ఛార్జింగ్ సాకెట్ మీదనే. కనుక తీగ మీ డ్యాష్‌బోర్డుకు చాలినంత పొడవుందో లేదో చూడండి. మన వేసవిలో మూసిన కారు లోపల పరికరాన్ని వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది, రబ్బరు కప్పు ఊడిపోతుంది. దిగేటప్పుడు తీసి వెంట పెట్టుకోండి. దొంగకు కూడా కనబడదు.

దారిని ఎంచుకునే అమరికలను గురించి ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతాను. చాలా పరికరాలలో "త్వరగా చేరే దారి", "తక్కువ దూరపు దారి" అని రెండు ఉంటాయి. మన ప్రాంతాల్లో రెండోది పెట్టుకుంటే పొలాల గట్ల మీదికి, చెరువు కట్టల మీదికి తీసుకుపోతుంది. మొదటిదే ఉంచండి. మట్టి రోడ్లు వద్దని చెప్పే అమరిక ఉంటే దాన్ని కూడా ఉంచండి. పరికరం పైవంతెన మీద ఉన్నామా, దాని కింద ఉన్నామా అని కూడా తికమకపడుతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పైవంతెన ఎక్కినవారికి ఇది అనుభవమే. మ్యాపులో రెండూ ఒకే గీత మీద ఉంటాయి మరి. జిపిఎస్‌తో పాటు ఇతర దేశాల ఉపగ్రహాలను, మన ఇస్రో నావిక్‌ను కూడా అందుకునే పరికరమైతే ఎత్తైన భవనాల మధ్య, ఘాట్ రోడ్లలో తడబాటు కొంత తగ్గుతుంది. వంతెన చిక్కు మాత్రం పూర్తిగా తీరదు.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతంలో రాంగంగా నది మీది అసంపూర్తి వంతెన పైనుంచి కారు కింద పడి ముగ్గురు మరణించారు. వంతెనలో కొంత భాగం అంతకు ముందే వరదలో కొట్టుకుపోయింది. కారులోని వారు ఫోన్ చూపిన దారిని అనుసరించి వచ్చారని వార్తలు వచ్చాయి. వంతెనకు అడ్డంగా ఏదీ కట్టని అధికారుల నిర్లక్ష్యం ఉన్నది నిజమే. అయినా రాత్రివేళ తెలియని ఊరిలో, ఎదుట మరో బండి లైటు కూడా కనిపించని రోడ్డు మీద వెళ్తున్నప్పుడు, ఏ పరికరం ఏమి చెప్పినా ఆగి ఒక మనిషిని అడగండి.

చట్టం మాట కూడా తెలుసుకోవాలి. 2020 అక్టోబరు నుంచి అమలులో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధన ప్రకారం, చేతి ఫోన్ వంటి పరికరాన్ని బండి నడిపేవారు దారి చూసుకోవడానికి మాత్రమే, అది కూడా ధ్యాస చెదరని విధంగానే వాడవచ్చు. కనుక గమ్యాన్ని కారు కదలక ముందే పెట్టండి. మధ్యలో మార్చవలసి వస్తే పక్కనున్నవారు మార్చాలి. ఎవరూ లేకపోతే బండి ఆపాలి. పరికరాన్ని ముందు అద్దం నడిమధ్యన కాకుండా, రోడ్డును కప్పని చోట కింద అమర్చండి.

గల్ఫ్‌లో ఉన్న మన పాఠకులకు రెండు మాటలు. బంధువుల కోసం కారు జిపిఎస్ తెచ్చేటప్పుడు దానికి భారతదేశపు మ్యాపు దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుందా అని ముందే విచారించండి. మ్యాపు ఖరీదు కలిపితే ఇక్కడ కొన్నదే చవకవుతుందేమో. ఉపగ్రహం ద్వారా మాట్లాడే ఫోన్లు, సందేశాలు పంపే పరికరాలు మాత్రం తేవద్దు. కారులో దారి చూపే వాటిలాగే కనిపించినా, ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని భారతదేశానికి తేవడం నేరం. విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు. ఇక రియాద్ నుంచి ఉమ్రా కోసం కారులో బయలుదేరే కుటుంబాలు గమ్యం మక్కా అని ఒక్కటే పెట్టి ఊరుకోకండి. తాయిఫ్ వైపు నుంచి అస్సైల్ అల్‌కబీర్ మీదుగా వెళ్తే అక్కడ మీఖాత్ ఉంది. అల్‌హదా దారిన దిగితే వాదీ ముహ్రిం దగ్గర ఉంది. పరికరం మధ్యలో దారి మార్చితే మీరు అనుకున్న మీఖాత్ రాదు. ఇహ్రాం ధరించవలసిన ఆ చోటును దారి మధ్యలో మజిలీగా చేర్చి, ఆ తరువాతనే మక్కాను పెట్టండి.

మా ఇంటికి వస్తే, చివరికి ఆరు అంగుళాల తెర ఉన్న పరికరం ఒకటి తీసుకున్నాము. మొదటి వారం అబ్బా దానితో వాదించారు. "తిరగమంటే తిరగాలా? ఆ సందులో ఇసుక లారీలు ఆగుతాయి" అనేవారు. తరువాత ఆయనే దానికి తన దారులు నేర్పడం మొదలుపెట్టారు. దానిలో మనకు కావలసిన చోట్లను మనం పెట్టిన పేర్లతో దాచుకోవచ్చు. ఆయన తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని మన్ననూరు చెక్‌పోస్టును "గేట్ 9" అన్న పేరుతో దాచిపెట్టించారు. దోర్నాల వైపు గేటును కూడా అలాగే. అడవి దారికి ఆలస్యమైన రోజుల కోసం నాగార్జునసాగర్, మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా మార్కాపురం వెళ్లే దారిని వేరుగా పెట్టించుకున్నారు. ఈ మధ్య మళ్లీ మార్కాపురం వెళ్లినప్పుడు ఫజర్ అయిన వెంటనే బయలుదేరాము. అమ్మీ మందుల సంచి ఆమె ఒళ్లోనే ఉంది.

సోదరీ, మీ వారు ఎక్కువగా తెనాలి, విజయవాడ, గుంటూరు నడుమ తిరిగేవారైతే కొత్త పరికరం కొనవద్దనే నా సలహా. గల్ఫ్ నుంచి తెచ్చిన దానికి ఇక్కడి మ్యాపు తక్కువ ఖర్చుతో దొరికితే వేయించండి, లేకపోతే వదిలేయండి. ఫోన్‌లో ఆ ప్రాంతపు మ్యాపును భద్రపరచుకుని, దాన్ని నిలబెట్టే గట్టి స్టాండు ఒకటి కొనండి. గతుకుల్లో వంగిపోని స్టాండుకు మాత్రం డబ్బు దగ్గర వెనుకాడవద్దు.